చెట్టు నీళ్లను నేలలోకి దింపుతుందా, తాగేస్తుందా?

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం, సొంతూరు మదనపల్లె వైపు. రెండేళ్ల కిందట చింతామణి దగ్గర మూడెకరాలు కొన్నాను. ఎర్ర నేల, కొంచెం వాలు. సగం నీలగిరి తోట, సగం బీడు. 1,100 అడుగుల బోరులో నీళ్లు ఏటేటా తగ్గుతున్నాయి. నాన్న నీలగిరి పీకించి లోతుగా దున్నించమంటున్నారు. ఆఫీసు మిత్రుడు మూడెకరాలూ దట్టమైన అడవిగా పెంచితే వాన నీళ్లన్నీ ఇంకుతాయంటున్నాడు. పక్క చేను రైతు మాత్రం, చెట్టన్నది నీళ్లు తాగేదే గానీ ఇచ్చేది కాదంటాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం:

ముగ్గురూ నిజమే చెప్పారు. కాకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు సంగతులు మాట్లాడారు. మీ నాన్నగారు నేల పైనున్న నాలుగంగుళాల గురించి చెప్పారు. మీ మిత్రుడు నీరు లోపలికి దిగే దారి గురించి చెప్పాడు. పక్క రైతు, దిగిన నీళ్లు చివరికి ఎవరి పాలవుతాయో చెప్పాడు. నీళ్లు దిగడం ఒక పద్దు, దిగినవి మిగలడం ఇంకో పద్దు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఈ వాదన ఏళ్ల తరబడి తెగడం లేదు.

నేను ముప్పై ఏళ్లు అనంతపురం, కోలారు వైపు వాటర్‌షెడ్ పనుల్లో గట్లు వేయిస్తూ, కుంటలు తవ్విస్తూ తిరిగినవాణ్ణి. ఇప్పుడు యలహంకలో ఉంటున్నాను. మీ చింతామణి నాకు బాగా తెలిసిన నేల. కర్ణాటక అయినా సంతలో బేరం తెలుగులో సాగిపోతుంది కాబట్టి రైతులతో మాట్లాడటానికి నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు.

ముందు లెక్క చూద్దాం. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. మీ వైపు ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే ఎకరాకు 30 లక్షల లీటర్లు, మూడెకరాలకు 90 లక్షలు. ఇందులో భూగర్భానికి చేరేది ఎంత? మన దేశంలో భూగర్భ జలాలను అంచనా కట్టేవాళ్లు, బంకమన్ను తక్కువగా ఉండే శిథిల గ్రానైటు, నైసు (గ్రానైటు లాంటి చారల రాయి) నేలలకు వానలో సుమారు 11 శాతం చేరుతుందని లెక్క వేస్తారు. బంకమన్ను ఎక్కువైతే 8 శాతమే. 11 శాతమే అనుకున్నా మీ మూడెకరాలకు పది లక్షల లీటర్లు. 12,000 లీటర్ల ట్యాంకర్లయితే ఎనభై పైచిలుకు. మిగతాది ఆవిరైపోతుంది, మొక్కలు తాగుతాయి, లేదా వాలుమీద వంకలోకి పోతుంది. ఆ పది లక్షలను పదిహేను చేయగలమా, అయిదుకు దిగజార్చుకుంటామా అన్నదే అసలు ప్రశ్న.

ఇక నేల దగ్గరికి వద్దాం. ఎర్ర నేలలో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి నీళ్లు ఇట్టే ఇంకిపోతాయని చాలామంది అనుకుంటారు. లెక్క ప్రకారం ఇసుక కలిసిన గరప నేల గంటకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు తీసుకోవాలి, బంకమట్టి నేల అయితే అయిదు లోపే. కానీ మీ బీడు మీద జోరువాన పడుతున్నప్పుడు వెళ్లి నిలబడి చూడండి. పది నిమిషాల్లో ఎర్ర నీళ్లు సాగిపోతుంటాయి. కారణం పైపొర. పెద్ద చినుకు సెకనుకు తొమ్మిది మీటర్ల వేగంతో వచ్చి కొడుతుంది. ఉత్త నేల మీద ఆ దెబ్బకు మట్టి గడ్డ చితికి, సన్నటి మట్టి లేచి, ఇసుక రేణువుల సందుల్లో కూరుకుపోతుంది. వాన వెలిసి ఎండ కాస్తే అది అప్పడంలా గట్టిపడుతుంది. మందం కొన్ని మిల్లీమీటర్లే. కింద అడుగు లోతున నేల పొడిగా నోరు తెరుచుకుని ఉన్నా, ఆ అప్పడం తలుపు వేసేస్తుంది. ఈ ఎర్ర నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, మట్టి రేణువులను పట్టి ఉంచే జిగురు తక్కువ. నల్లరేగడి అయితే ఎండాకాలం నెర్రెలు విచ్చి, తొలకరి నీళ్లను నెర్రెల్లోకి మింగుతుంది, తర్వాత ఉబ్బి మూసుకుంటుంది. ఎర్ర నేలకు ఆ సౌకర్యం లేదు.

మీ నాన్నగారి దుక్కి ఈ అప్పడానికి మందు. రోహిణిలో వాలుకు అడ్డంగా దున్ని, పెడ్డలు పెడ్డలుగా వదిలేస్తే మృగశిర వానలకు ఆ గుంటల్లో నీళ్లు నిలిచి పదునెక్కుతుంది. అందులో సందేహం లేదు. అయితే ఈ మందు పనిచేసేది కొన్ని వానల వరకే. నాలుగైదు గట్టి వానలకు పెడ్డలు కరిగి, నేల మళ్లీ పొర కడుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో మీకు అసలు వానలు పడే వేళకు వేసవి దుక్కి గుర్తు కూడా మిగలదు. ఎర్ర నేలల మీద పటాన్‌చెరులోని ఇక్రిశాట్ చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. దుక్కి మేలు కొద్ది రోజులది, నేల మీద పరిచిన గడ్డి మేలు చాలా కాలం నిలిచేది.

ఈ పాఠం నేను పుస్తకంలో కాదు, కదిరి దగ్గర మా సొంత చేలో నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేల మెత్తగా ఉంటే నీళ్లు బాగా దిగుతాయన్న నమ్మకంతో రోటావేటర్ రెండుసార్లు తిప్పించి మట్టిని పిండి చేయించాను. జొన్న విత్తిన మూడో రోజు అరగంట వాన. తర్వాత ఎండ. వారం తర్వాత గోటితో పొర ఎత్తి చూస్తే మొలకలు కిందే వంకరలు తిరిగి పాలిపోయి ఉన్నాయి. మళ్లీ విత్తాల్సి వచ్చింది. మా నాయన ఏమీ అనలేదు గానీ, గుంటక తీసుకొచ్చి నా ముందు పడేశాడు. పిండి నేలను వాన ఎంత తేలిగ్గా మూసేస్తుందో ఆ రోజు అర్థమైంది. రోటావేటర్‌కూ నాకూ అప్పటినుంచీ పడదు. ఇది పక్షపాతమే, ఒప్పుకుంటాను.

దుక్కికి ఇంకో చిక్కు ఉంది. ఏటేటా ఒకే లోతున నాగలీ ట్రాక్టరూ తిరిగితే, ఆరేడు అంగుళాల కింద నేల పలకలా బిగుసుకుంటుంది. పైన మెత్తగా ఉన్నా నీళ్లు ఆ పలక మీద నిలిచి పక్కకు జారతాయి. వరి రైతు దీన్నే కావాలని చేస్తాడు. దమ్ము చేయడమంటే నీళ్లు దిగకుండా మడి అడుగును మూసేయడమే కదా. అదే నేల, అదే రైతు. కావాలంటే సేద్యంతో నీళ్లను దింపుతాడు, వద్దంటే ఆపుతాడు. కాబట్టి ‘వ్యవసాయం వల్ల ఇంకుదల తగ్గుతుంది’ అని గంపగుత్తగా అనేవాళ్ల మాట నేను పట్టించుకోను. ఏ వ్యవసాయం, ఏ నేల మీద, ఏ నెలలో అన్నది చెప్పాలి.

ఇక అడవి. మంచి అడవిలో నీళ్లు ఎందుకు దిగుతాయంటే చెట్టు గొప్పతనం కంటే చెట్టు కింద ఉన్న చెత్త గొప్పతనం ఎక్కువ. రాలిన ఆకుల మీద పడ్డ చినుకు అక్కడే చావుదెబ్బ తింటుంది, మట్టిని కొట్టలేదు. ఆ ఆకులు తినడానికి చెదలు, వానపాములు వస్తాయి, బొరియలు చేస్తాయి. చచ్చిన వేర్లు కుళ్లి గొట్టాలుగా మిగులుతాయి. బూజు దారాలు మట్టిని గింజలు గింజలుగా కట్టి ఉంచుతాయి. ఇవన్నీ కలిసి నేలను స్పాంజిలా చేస్తాయి. అదే అడవిలో ఆకులు ఊడ్చుకుపోయి, పశువులు తొక్కి, ఏటా మంట పెడితే చెట్లు నిలబడే ఉంటాయి గానీ నేల మాత్రం బండబారిపోతుంది. ఉత్తర కన్నడ జిల్లాలో పడమటి కనుమల మీద పరిశోధకులు ఇదే కొలిచి చూశారు. చెక్కుచెదరని అడవి నేల నీటిని అన్నిటికంటే బాగా తీసుకుంటుంది. వాడి వాడి తరిగిపోయిన అడవి నేల బాగా వెనకబడింది. అలాంటి చోట అకేసియా నాటితే కొంత కోలుకుంది గానీ, పాత అడవికి సమానం కాలేదు.

ఎత్తయిన చెట్టు ఉంటే చాలదనడానికి టేకు తోటను చూడండి. పెద్ద ఆకుల మీద నీళ్లు చేరి, మామూలు వాన చినుకు కంటే లావు బొట్లుగా ఎత్తునుంచి పడతాయి. కింద ఆకు చెత్త, గడ్డి లేకపోతే టేకు కింద మట్టి ఇంకా ఎక్కువ కోసుకుపోతుంది. కాబట్టి ఎప్పుడైనా అడవి చూడ్డానికి వెళ్తే పైకి కాదు, కాళ్ల కిందికి చూడండి.

ఇక్కడిదాకా మీ మిత్రుడి వాదన గెలిచింది. ఇప్పుడు పక్క రైతు వంతు.

నీలగిరిని ఈ ప్రాంతానికి తెచ్చింది టిప్పు సుల్తాన్ అని, 1790 ప్రాంతంలో చిక్కబళ్లాపురం దగ్గరి నందికొండ మీద నాటించారని చెబుతారు. తర్వాత కాగితం, పల్పు అవసరాలకు బెంగళూరు చుట్టూ పొలాల్లోకి దిగింది. ఇది ఎంత నీరు తాగుతుందన్న తగాదా తీర్చడానికి బ్రిటన్ జలశాస్త్రవేత్త ఇయాన్ కాల్డర్ బృందం మీకు దగ్గర్లోని హోసకోటె సహా కర్ణాటకలో కొన్నిచోట్ల ఏళ్ల తరబడి కొలతలు తీసింది. వాళ్లకు కనిపించింది ఆసక్తిగా ఉంటుంది. మూడు మీటర్ల లోతు నేలల్లో నీలగిరి వాడిన నీరు, ఇక్కడి ఆకురాల్చే అడవి వాడినదానికంటే ఎక్కువేమీ కాదు. రెండూ పడిన వానంతా దాదాపుగా వాడేసుకున్నాయి. రాగి చేను మాత్రం అందులో సగమే వాడింది. హోసకోటె దగ్గర లోతు నేలలో అయితే నీలగిరి పడిన వానకంటే ఎక్కువ తాగింది! పడినదానికంటే ఎక్కువ ఎక్కణ్ణుంచి వచ్చింది? వేరు ఏడాదికి రెండున్నర మీటర్లకు పైగా కిందికి పోతూ, ఎన్నో ఏళ్లుగా నేలలో దాచిన తడిని ఎనిమిది మీటర్ల లోతుదాకా తోడేసింది. ఈ వివరణ 1997లో వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి వేయడాన్ని ఆపింది మరో ఇరవై ఏళ్లకు, 2017లో.

నీలగిరి ఒక్కటే దోషి అనుకోకండి. పై కొలతల్లో మన ఆకురాల్చే అడవి కూడా వానను దాదాపు మొత్తం వాడుకుందని చూశారు కదా. ఏడాదిలో ఎక్కువ కాలం ఆకుతో ఉండి, లోతుగా వేరు పారే చెట్టు ఏదైనా రాగి కంటే ఎక్కువే తాగుతుంది. రాగి నాలుగు నెలల పైరు. వేరు లోతు తక్కువ. అది పోయాక నేల ఖాళీగా ఉంటుంది. అందుకే వాలు తక్కువ ఉండి, పైన పొర కట్టకుండా చూసుకున్న రాగి చేనులో కిందికి జారే నీరు, దట్టమైన తోట కింద జారేదానికంటే ఎక్కువ కావచ్చు. చెట్ల పేరు ఎత్తితే చెయ్యెత్తి మొక్కే మన నగరవాసులకు ఈ మాట రుచించదు. నాకు మాత్రం అడవి అంటే ఇష్టమే. పక్షులకు, నీడకు, మట్టికి, నది జీవానికి అడవి కావాలి. కానీ ‘నా బోరు నిండాలి’ అని నాటేవాళ్లకు అబద్ధం చెప్పలేను.

అంటే చెట్లు వద్దా? కావాలి, పలచగా కావాలి. చెట్టు దింపేదీ తాగేదీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు, మనలాగే ఎండాకాలం పొడవుగా ఉండే పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోలో కొలిచి 2016లో ఒక మాట చెప్పారు. ఒక్క చెట్టూ లేని చోటా తక్కువే, దట్టంగా ఉన్న చోటా తక్కువే, మధ్యస్థంగా చెట్లున్న చోట భూగర్భానికి ఎక్కువ నీరు చేరుతుంది. చెట్టు చుట్టుపక్కల నేల తెరుచుకుంటుంది, కానీ తాగే నోళ్లు తక్కువ. మన పెద్దలు రాగి చేలో అక్కడొకటి అక్కడొకటిగా చింత, కానుగ, నేరేడు వదిలిపెట్టింది నీడ కోసమే కావచ్చు. లెక్క మాత్రం సరిగ్గా కుదిరింది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. మీ చేలో నీళ్లన్నీ ఆపితే కింద చెరువుకు చేరేవి తగ్గుతాయి. అర్కావతి కథ తెలుసు కదా. నందికొండల్లో పుట్టి వస్తుంది. 1894 నుంచి హెసరఘట్ట చెరువు నీళ్లు, తర్వాత 1930ల్లో కట్టిన తిప్పగొండనహళ్లి జలాశయం నీళ్లు బెంగళూరు తాగింది. తర్వాత తర్వాత పైభాగాన ఆ నది ప్రవాహం బాగా తగ్గిపోయింది. వాన తగ్గిందా అని బెంగళూరులోని ఏట్రీ సంస్థ పరిశోధకులు వెతికారు, అది కాదని తేలింది. బోర్లతో తోడటం, నీలగిరి తోటలు ప్రధాన కారణాలుగా, వాగులకు అడ్డుకట్టలు కొంతమేరకు కారణంగా 2015లో రాశారు. నేను నా చేతులతో కట్టించిన చెక్‌డ్యాముల్లో కొన్ని కింది ఊరి చెరువును ఎండగట్టాయి. అప్పట్లో మాకు అవార్డులు వచ్చాయి, కింది ఊరివాళ్లు మాత్రం నన్ను చూస్తే పక్క సందులోకి తిరిగేవాళ్లు.

మీ మూడెకరాలకు వద్దాం. నీలగిరి తీసేయండి, ఇందులో నాన్నగారి పక్షమే నాది. నరికి వదిలేస్తే మోడు మళ్లీ చిగురిస్తుంది, వేళ్లతో పెకిలించాలి. జేసీబీ పెడతారు కదా, నేల ఎండిపోయి ఉన్నప్పుడే పెట్టండి. తడి నేల మీద ఆ బండి రెండుసార్లు తిరిగితే పదేళ్లకు సరిపడా బిగుసుకుంటుంది. ఆకు చెత్త తగలబెట్టకండి. ఎండిన నీలగిరి ఆకు కింద మట్టికి నూనె పూసినట్టుగా మొదట్లో నీళ్లు అంటవు, భయపడకండి, వానలకు నేల తడిసేకొద్దీ అది తగ్గుతుంది.

నీలగిరి తీసిన మర్నాడే బోరు పొంగుతుందని మాత్రం ఆశపడొద్దు. ఒక ఉజ్జాయింపు లెక్క చెప్తాను. మీటరు లోతు నేల మొక్కకు అందేట్టుగా సుమారు 100 మిల్లీమీటర్ల నీటిని పట్టుకుంటుంది. వేర్లు ఎనిమిది మీటర్ల దాకా ఎండబెట్టి ఉంటే ఆ ఖాళీ 800 మిల్లీమీటర్లు, అంటే మీకు ఏడాది వానంత. ముందు ఆ కుండ నిండాలి, ఆ తర్వాతే కిందికి చుక్క జారేది. రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి.

ఒక్కసారి మాత్రం లోతు దుక్కి వేయించండి. పలక పగిలేట్టు, వాలుకు అడ్డంగా, ఎండిన నేల మీద. అది అయ్యాక నాగలిని వీలైనంత దూరం పెట్టండి. మొదటి వానకు జనుము, ఉలవ లాంటివి చల్లి నేలను కప్పేయండి. రెండో ఏడు నుంచి రాగిలో కంది సాళ్లు వేయండి. కంది తల్లివేరు గునపంలా దిగుతుంది, పంట పోయాక ఆ దారి నీళ్లకు మిగులుతుంది. రాగి గడ్డి పొలంలో పరచమని నేను చెప్పను, మీ వైపు అది పాడి ఆవుల నోటి కూడు, ఎవరూ వదలరు. బదులుగా గట్ల మీద గ్లైరిసిడియా, కానుగ పెంచి, ఏటా రెండుసార్లు కొట్టి ఆ రొట్టను సాళ్ల మధ్య పరచండి. చెదలు వస్తే మందు కొట్టకండి. ఎండిన కొమ్మా రెమ్మా తినడానికి వచ్చి అవి చేసే బొరియలే మీకు ఉచితంగా దొరికే ఇంకుడు గుంతలు. బుర్కినా ఫాసోలో బండబారిన నేలల మీద రైతులు గుంటలు తీసి చెత్త వేసి చెదలను పిలిపించుకుంటారు.

చెట్ల కోసం ఎకరం వదులుకోవచ్చు. మామిడి పది మీటర్ల ఎడంలో వేస్తే ఎకరాకు నలభై పడతాయి, మధ్యలో సాళ్లు దున్నకుండా గడ్డి పెరగనివ్వండి. మీ మిత్రుడు చెప్పినట్టు దట్టమైన అడవి పెంచే మియావాకి అనే పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు పెడతారు. బెంగళూరులో అపార్టుమెంటు పక్కన ఓ మూల బాగుంటుంది. 750 మిల్లీమీటర్ల వాన పడే చింతామణిలో, ముందే తగ్గుతున్న బోరుతో రెండు మూడేళ్లు వాటికి నీళ్లు పెట్టి, తర్వాత అవి తాగేది చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. అంతగా అడవి మీద మనసుంటే వాలు పైభాగాన పది సెంట్లలో పెట్టుకోండి.

బోరు సంగతి చివరికి పెట్టాను, ఎందుకంటే అది ఈ కథలో చాలా చిన్న భాగం. మీ కింద ఉన్నది నైసు రాయి, లాల్‌బాగ్‌లో కనిపించే గుట్టకు చుట్టమే, మూడు వందల కోట్ల ఏళ్ల నాటిది. రాయి పైన శిథిలమైన మొరం పొర ఉంటుంది, చోటును బట్టి కొన్ని పదుల అడుగుల నుంచి వంద, రెండు వందల అడుగుల దాకా. వాన నీరు ఏటా చేరి నిలిచేది అక్కడే. పాతకాలపు బావులన్నీ ఆ పొరలో తవ్వినవే. 1,100 అడుగుల్లో ఉన్నది రాతి పగుళ్లలో ఇరుక్కున్న నీరు, ఆ పగుళ్లు ఎక్కడెక్కడికి పోతాయో మీ హద్దు రాళ్లకు పట్టదు. మీరు ఇంకించింది పక్క చేనుకు పోవచ్చు, అతను తోడింది మీది కావచ్చు. అందుకని బోరు పక్కన ఇంకుడు గుంత ఒక్కటే తవ్వించి చేతులు దులుపుకోకండి. పొలంలో పాత బావి ఉంటే పూడ్చకండి, పూడిక తీయించి, వాలు నీటిని బురద తేర్చే గుంట మీదుగా అందులోకి మళ్లించండి. బావిలో నీటి మట్టం చూస్తే మొరం పొర ఆరోగ్యం ఎలా ఉందో మీకు తెలుస్తుంది, బోరు ఆ మాట చెప్పదు.

పని మొదలెట్టే ముందు ఒకటి చేయండి. 15 సెంటీమీటర్ల వెడల్పున్న పీవీసీ పైపు ముక్క, అడుగు పొడవు, ఓ అంచు పదునుగా అరగదీసి, నాలుగు చోట్ల నేలలోకి మూడంగుళాలు కొట్టండి. బీడులో ఒకటి, నీలగిరి కింద ఒకటి, గట్టు మీద కానుగ ఉంటే దాని కింద ఒకటి, పక్క రైతు రాగి చేలో ఒకటి. ఒక్కోదాంట్లో 450 మిల్లీలీటర్లు పోయండి, అది అంగుళం వాన. మొదటి పోత నేల తడవడానికి పోతుంది, లెక్కలోకి తీసుకోకండి. అది ఇంకగానే మళ్లీ అంతే పోసి, పూర్తిగా దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఆ నాలుగు సంఖ్యలు, పొలం వాలు ఎటువైపో, పాత బావి ఉందో లేదో నాకు పంపండి. గట్లు ఎక్కడ వేయాలో అప్పుడు మాట్లాడుకుందాం.